గేట్ రెండోసారి రాస్తున్నారా? ముందు మీ పాత రెస్పాన్స్ షీట్ తెరవండి

ఏటా మార్చిలో గేట్ (ఇంజనీరింగ్ వాళ్లకు ఎంటెక్ సీట్లకూ, ప్రభుత్వరంగ ఉద్యోగాలకూ పనికొచ్చే పరీక్ష) ఫలితాలు వచ్చాక శ్రీకాకుళం, టెక్కలి, రాజాం, చీపురుపల్లి వైపు నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, స్కోరు సరిపోలేదు. మళ్లీ రాద్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలెట్టాలి?" అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే కొత్త కోచింగ్‌కు ఫీజు ఎంతో కనుక్కుని, మొదటి సబ్జెక్టులో మొదటి చాప్టర్ తెరిచి కూర్చుని ఉంటారు.

అక్కడ మొదలెట్టకండి. అలా చేస్తే మీకు వచ్చిందే మళ్లీ చదువుతారు, రానిది మళ్లీ చివరికి మిగిలిపోతుంది. మొదటిసారి రాసేవాళ్ల దగ్గర లేనిది ఒకటి మీ దగ్గర ఉంది. అసలు పరీక్షలో, అసలు టెన్షన్‌లో మీరు ఏం చేశారో చూపించే రెస్పాన్స్ షీట్. రెండో ప్రయత్నం దాని మీదే కట్టాలి. నాది సివిల్ ఇంజనీరింగ్. గేట్ రెండుసార్లు రాశాను. కింద రాసినవన్నీ ఏ బ్రాంచికైనా పనికొస్తాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ రెస్పాన్స్ షీట్, ఆ ఏడాది ప్రశ్నపత్రం, ఫైనల్ కీ. రెస్పాన్స్ షీట్ పోర్టల్‌లో ఉన్నప్పుడే దించుకుని, మీ మెయిల్‌కు మీరే పంపుకోండి.
- స్కోర్‌కార్డు. మే 31 దాకా ఉచితంగా దిగుతుంది, తర్వాత ఫీజు కట్టాలి.
- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. దీన్ని తప్పుల పుస్తకం అందాం.
- మౌస్ ఉన్న కంప్యూటర్. ఫోన్ సరిపోదు. ఇంట్లో లేకపోతే కాలేజీ ల్యాబో, నెట్ సెంటరో వారానికి మూడు గంటలు దొరికేలా మాట్లాడుకోండి.
- పాత పేపర్లు, కీలు. గేట్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, కొనక్కర్లేదు.

రెస్పాన్స్ షీట్ పోగొట్టుకున్నవాళ్లు కంగారు పడొద్దు. మీరు రాసిన పేపరే మూడు గంటలు టైమ్ పెట్టుకుని మళ్లీ రాయండి. అసలుదానంత నిజం చెప్పదు గానీ మీ బలహీనత చాలావరకు బయటపడుతుంది.

1. మళ్లీ రాయడం అవసరమా, తేల్చుకోండి

గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎన్నిసార్లయినా రాయొచ్చు, వయసు పరిమితి లేదు. ఎంటెక్ కోసమైతే, రెండోసారి తక్కువ వచ్చినా గడువు తీరని పాత స్కోరు పోదు. ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగాల సంగతి వేరు. చాలా సంస్థలు ఆ ఏడాది స్కోరే అడుగుతాయి, నోటిఫికేషన్ చదివి చూసుకోండి. ఎంటెక్ సీట్ల కోసం ఐఐటీలకు సీఓఏపీ, ఎన్ఐటీలకు సీసీఎంటీ అనే ఆన్‌లైన్ పోర్టళ్లు ఉన్నాయి. మీకు కావాల్సిన కోర్సులో నిరుడు సీటు ఏ స్కోరుకు ఆగిందో చూసి, ఆ అంకె తప్పుల పుస్తకం మొదటి పేజీలో రాయండి. "మంచి స్కోరు రావాలి" అనుకుంటే ఎంత చదివినా చాలినట్టు ఉండదు.

ఇక్కడ మార్కులకీ, స్కోరుకీ తేడా తెలియాలి. మార్కులు వందకు, స్కోరు వెయ్యికి. క్వాలిఫై మార్కు దగ్గర స్కోరు 350, ఆ పేపర్లో అందరికంటే పైనున్న కొద్దిమంది సగటు మార్కు దగ్గర 900, మధ్యలోవన్నీ ఆ లెక్కలోనే పడతాయి. పేపర్ కష్టంగా వచ్చిన ఏడాది తక్కువ మార్కులకే ఎక్కువ స్కోరు రావచ్చు. అందుకని ఈ ఏడు మార్కులను నిరుటి మార్కులతో పోల్చి సంబరపడొద్దు, ఏడవొద్దు. పోల్చాల్సింది స్కోరు.

2. పాత పేపర్ మళ్లీ చేయండి, కీ చూడకుండా

ఇది మొత్తం పనిలో ముఖ్యమైన మెట్టు. దీనికి వారం పట్టినా పట్టనివ్వండి.

ప్రశ్నపత్రం ప్రింటు తీసుకోండి. టైమ్ పెట్టుకోకుండా, 65 ప్రశ్నలూ నింపాదిగా చేయండి. తర్వాత ఒక్కో ప్రశ్నకు మూడు గళ్లు గీయండి: పరీక్షలో ఏం పెట్టాను, ఇప్పుడు ఏం వచ్చింది, కీలో ఏముంది. నంబరు చూసి కాక ప్రశ్న చదివి పోల్చుకోండి. ఇప్పుడు తప్పులన్నీ నాలుగు రకాలుగా విడిపోతాయి.

"రాదు" రకం: అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. కాన్సెప్టే లేదు.

"వచ్చు, అందలేదు" రకం: ఇప్పుడు ఇంట్లో వచ్చింది, పరీక్షలో టైమ్ చాలలేదు లేదా వదిలేశాం.

"చేజార్చాం" రకం: పద్ధతి సరైనదే. యూనిట్, గుర్తు, రౌండింగ్, ప్రశ్న సగం చదవడం, కాలిక్యులేటర్.

"గుడ్డిగా పెట్టాం" రకం: ఊహించి నొక్కినవి. ఇందులో సరైనవి కూడా రాయండి. అదృష్టం కొద్దీ వచ్చిన మార్కు మీ మార్కు కాదు.

నా మొదటి పేపర్లోనిది ఒకటి చెప్తాను. ఒక చివర బిగించిన 2 మీటర్ల దూలం, దాని మీద మీటరుకు 10 కిలోన్యూటన్ల లోడు సమంగా పరిచి ఉంది. దృఢత్వం విలువ 8000 ఇచ్చాడు. చివర ఎంత కిందికి వంగుతుందో కట్టాలి. సూత్రం నోటికి వచ్చు. పది ఇంటూ పదహారు, నూట అరవై. కింద ఎనిమిది ఇంటూ ఎనిమిది వేలు, అరవై నాలుగు వేలు. జవాబు 0.0025. ధైర్యంగా అదే టైప్ చేసి ముందుకెళ్లిపోయాను. ప్రశ్న చివర "మిల్లీమీటర్లలో" అని ఉంది. పెట్టాల్సింది 2.5. రెండు మార్కులు పోయాయి. "ఆ చాప్టర్ నాకు బాగా వచ్చు" అనుకుంటూ ఏడాదంతా తిరిగాను. నిజంగానే వచ్చు. మళ్లీ చదివినా ఆ రెండు మార్కులు తిరిగి వచ్చేవి కావు. ప్రశ్న చివరి ముక్కకు గీత పెట్టే అలవాటు చేసుకుంటేనే వచ్చేవి.

హెచ్చరిక: ప్రతి తప్పునూ "సిల్లీ మిస్టేక్" అని రాసేసుకోకండి. అది మనల్ని మనం ఓదార్చుకునే మాట. ఏ తప్పో విప్పి రాయండి: "మీటర్లను మి.మీ.లోకి మార్చలేదు", "'కానిది ఏది' అన్నది చదవలేదు". అదే తప్పు మూడుసార్లు కనిపిస్తే అది అలవాటని తెలుస్తుంది.

3. మార్కులు ఎక్కడ కారిపోయాయో లెక్క కట్టండి

ఒక సరైన జవాబున్న మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకే నెగటివ్ ఉంది: 1 మార్కు ప్రశ్నకు మూడోవంతు, 2 మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతులు. ఒకటికంటే ఎక్కువ జవాబులుండే ఎంఎస్‌క్యూలకూ, అంకె టైప్ చేసే న్యూమరికల్ ప్రశ్నలకూ నెగటివ్ లేదు.

నా మొదటి పేపర్ ఇలా ఉంది. ఒక మార్కువి 18 రైట్, రెండు మార్కులవి 15 రైట్. మొత్తం 48. తప్పుల్లో ఒక మార్కు మల్టిపుల్ చాయిస్‌లు 6, రెండు మార్కులవి 9. నెగటివ్ 2, ఇంకో 6. చేతికొచ్చింది 40. ఎనిమిది మార్కులు అలా పోయాయి. కొత్తగా ఒక్క చాప్టర్ చదవకుండానే, తెలియనివి వదిలేసి ఉంటే 48 దగ్గర ఉండేవాణ్ని. ఈ లెక్క చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కానీ రెండో ప్రయత్నం మొదలైంది ఆ రాత్రే.

గెస్ చేయాలా వద్దా అని అందరూ అడుగుతారు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక ఆప్షన్ ఖాయంగా కొట్టేయగలిగితే కొంచెం లాభం. రెండు కొట్టేస్తే పెట్టేయాల్సిందే. చిక్కల్లా ఆ "ఖాయంగా" దగ్గరే. చాలామంది అనుమానంతో కొట్టేసి, ఖాయం అనుకుంటారు. మాక్ (నమూనా పరీక్ష) రాసేటప్పుడు గెస్ చేసిన ప్రతి ప్రశ్న పక్కన రఫ్ పేపర్ మీద చిన్న చుక్క పెట్టండి. పది మాక్‌ల తర్వాత చుక్కలున్నవి మాత్రమే లెక్క కట్టండి. ప్లస్‌లో ఉంటే మీ గెస్ పనికొస్తుంది. మైనస్‌లో ఉంటే పరీక్షలో మల్టిపుల్ చాయిస్ గెస్ మానేయండి.

ఎంఎస్‌క్యూలో సగం మార్కులుండవు. సరైనవన్నీ పెట్టాలి, తప్పుది ఒక్కటీ పెట్టకూడదు. ఒక సరైన ఆప్షన్ దొరకగానే ముందుకెళ్లిపోవడం మామూలుగా చేసే పొరపాటు. నాలుగింటినీ విడివిడిగా అవునా కాదా అని అడగండి. నెగటివ్ లేదు కాబట్టి ఖాళీగా మాత్రం వదలకండి.

4. ఏది చదవాలి, ఏది వదలాలి

చాలా ఇంజనీరింగ్ పేపర్లలో జనరల్ ఆప్టిట్యూడ్ 15, ఇంజనీరింగ్ మ్యాథ్స్ 13 మార్కులు. మిగతా 72 మీ సబ్జెక్టు. ఈ 28 మార్కుల్లో 20 దాటని వాళ్లు ముందు అక్కడికే వెళ్లాలి. తక్కువ చదువుకు ఎక్కువ మార్కులు అక్కడే ఉన్నాయి.

రెండోసారి రాసేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది, పాత ప్రశ్నలన్నీ చూసేసి ఉంటారు. దీనికి దారి ఉంది. ఆప్టిట్యూడ్ అన్ని బ్రాంచిలకూ ఒకే తరహా. మీరు సివిల్ అయితే ఎలక్ట్రికల్, మెకానికల్, కెమికల్ పేపర్ల నుంచి ఆప్టిట్యూడ్ పది ప్రశ్నలు తీసి చేయండి, కొత్త ప్రశ్నలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. మీ సిలబస్‌లో ఉన్నంత మేరకు మ్యాథ్స్ కూడా అలాగే.

సబ్జెక్టు విషయానికొస్తే, "రాదు" రకం ఎక్కువున్న చాప్టర్లలో మూడు నాలుగు ఎంచుకోండి. అంతకుమించి వద్దు. వాటికి ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పే ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు ఉచితం. ఇంగ్లిషులో వేగం అందకపోతే స్పీడు తగ్గించి వినండి, సిగ్గుపడాల్సిన పని లేదు. ఒకటో రెండో చాప్టర్లు పూర్తిగా వదిలేయడానికి కూడా సిద్ధపడండి. అయితే పాత పేపర్లలో వాటినుంచి ఎన్ని మార్కులు వచ్చాయో చూసి వదలండి, ఆ సబ్జెక్టు చెప్పిన సార్ మీద కోపంతో కాదు.

5. వారం లెక్కన ప్లాన్ వేయండి

ఉద్యోగం చేస్తూ రాసేవాళ్లు మనవైపు ఎక్కువ. గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు, పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టుల్లో చేసేవాళ్లు. వీళ్లకు "రోజుకు ఎనిమిది గంటలు" అనే సలహా పనికిరాదు. మామూలు రోజుల్లో రెండు గంటలు, ఆదివారం ఐదు. నైట్ షిఫ్టు వారంలో కొత్త పాఠం పెట్టుకోకండి, తప్పుల పుస్తకం తిరగేయండి చాలు.

అక్టోబరు, నవంబరు మనకు తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు ఎన్నాళ్లు లేదో విశాఖ వాళ్లను, ఉద్దానం వాళ్లను అడగండి. పాత పేపర్లు సెప్టెంబరులోనే ప్రింటు తీసి పెట్టుకోండి, వీడియోలు ముందే దించుకోండి. విజయనగరం వాళ్లు సిరిమానోత్సవం వారాన్ని ప్లాన్‌లో ఖాళీగా వదిలేయండి. ఇంటినిండా చుట్టాలుంటే చదువు సాగదు. ముందే వదిలేస్తే వెనకబడ్డామన్న బాధ ఉండదు.

6. వర్చువల్ కాలిక్యులేటర్‌కు చెయ్యి అలవాటు చేయండి

పరీక్షలో మీ క్యాసియో కాలిక్యులేటర్ ఉండదు. తెర మీద కాలిక్యులేటర్ ఉంటుంది, దాన్ని మౌస్‌తోనే నొక్కాలి. కీబోర్డు పనిచేయదు. ఏడాదంతా చేతిలో క్యాసియోతో లెక్కలు చేసి, ఆ రోజు మౌస్ పట్టుకుంటే ఒక్కో లెక్కకు అర నిమిషం ఎక్కువ పడుతుంది. "వచ్చు, అందలేదు" రకంలో చాలా ప్రశ్నలు ఇలాగే పోతాయి.

కోణం సెట్టింగ్ మొదట డిగ్రీల్లో ఉంటుంది. కంపనాల లెక్కలో సైన్ 1.2 కావాలనుకోండి, అది రేడియన్లు. మార్చకుండా నొక్కితే 0.0209 వస్తుంది, రావాల్సింది 0.932. అంకె అనుమానంగా కనిపించినా టెన్షన్‌లో చేసేస్తాం. లెక్క మొదలెట్టే ముందే డిగ్రీయా రేడియనా చూసుకోండి, మధ్యలో మార్చకండి. కొత్త లెక్కకు ముందు సీ బటన్ నొక్కండి. పొడుగు లెక్కను ఒకేసారి ఎక్కించకుండా ముక్కలుగా చేసి, మధ్య జవాబులు రఫ్ మీద రాసుకోండి.

ఈ రోజు నుంచే క్యాసియోను బీరువాలో పెట్టేయండి. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు కనీసం వారంలో ఒక సిట్టింగ్ మౌస్‌తో చేయాలి.

7. మాక్‌లు: తక్కువ రాయండి, ఎక్కువ విప్పండి

మూడు పేపర్లు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఆ ప్రశ్నలు ఏ వీడియోలోనూ, ఏ పుస్తకంలోనూ చూడకుండా ఉంటేనే లెక్క. చూసేసిన పేపర్లో 70 వచ్చిందని మురిసిపోయి, పరీక్షలో 45 దగ్గర ఆగినవాళ్లు నాకు తెలుసు. వాళ్లు చదవలేదని కాదు, జవాబులు గుర్తున్నాయి అంతే. అన్నీ చూసేశామంటే ఏదైనా టెస్ట్ సిరీస్ తీసుకోండి, ఇద్దరు ముగ్గురు కలిసి కొత్త ప్రశ్నలు తయారు చేసి మార్చుకున్నా సరే.

మీ పేపర్ ఏ సెషన్‌లో ఉంటే మాక్ ఆ వేళకే పెట్టండి. ఉదయం సెషన్ 9:30 నుంచి 12:30, మధ్యాహ్నం 2:30 నుంచి 5:30. మధ్యాహ్నం సెషన్ వాళ్లు అన్నం తిన్నాక వచ్చే మగతతో ఇంట్లోనే పరిచయం పెట్టుకోవాలి.

రాసే వరస నాది ఇది. మొదటి గంటన్నరలో తెలిసినవన్నీ, ఆగకుండా. రెండున్నర నిమిషాలు దాటిన ప్రశ్నను మార్క్ చేసి వదిలేయాలి. తర్వాత గంట వాటి మీద. చివరి అరగంట ఖాళీగా ఉన్న ఎంఎస్‌క్యూలు, న్యూమరికల్స్, యూనిట్లు సరిచూడటం. మీకు వేరే వరస కుదిరితే అదే పెట్టుకోండి, కానీ పరీక్ష ముందు జనవరిలో మార్చకండి.

తెర మీద ఒక పొరపాటు మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. జవాబు పెట్టి, సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కకుండా పక్కనున్న నంబరు నొక్కి వేరే ప్రశ్నకు వెళ్తే ఆ జవాబు సేవ్ కాదు. ఊదా రంగు మీద ఆకుపచ్చ గుర్తుంటే జవాబు సేవ్ అయి, రివ్యూకు పెట్టినట్టు. దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఉత్త ఊదా అయితే జవాబు లేనట్టే.

ఒక మాక్‌కు మూడు గంటలైతే దాన్ని విప్పడానికి ఆరు గంటలు ఇవ్వండి. రెండో మెట్టులో చెప్పిన నాలుగు రకాలే, అదే పుస్తకం.

8. మెరుగవుతోందో లేదో ఎలా తెలుస్తుంది

మొత్తం మార్కు ఒక్కటే చూడకండి, పేపర్‌ను బట్టి అది ఊగుతుంది. మూడు అంకెలు చూడండి: నెగటివ్‌లో పోయినవి, "చేజార్చాం" రకంలో పోయినవి, ఎంచుకున్న ఆ మూడు నాలుగు చాప్టర్లలో వచ్చినవి. నవంబరు చివరికి మొదటి రెండూ సగానికి దిగాలి. దిగకపోతే మీరు చదువుతున్నారు కానీ పరీక్ష రాసే తీరు మార్చుకోలేదు. అప్పుడు కొత్త చాప్టర్ ఆపి, రెండు వారాలు మాక్‌లు విప్పడం మీదే ఉండండి.

పక్కన పెట్టిన మూడు పేపర్లలో ఒకటి అక్టోబరు చివర, ఒకటి డిసెంబరు చివర, ఒకటి పరీక్షకు పది రోజుల ముందు తీయండి. ఆఖరి వారంలో మాత్రం వద్దు. తక్కువ వస్తే కోలుకునే టైమ్ ఉండదు.

9. అప్లికేషన్‌లో జాగ్రత్త

ఐడీ కార్డులో పేరు, ఫారంలో పేరు ఒకేలా ఉండాలి. మన దగ్గర టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, ఇంకోచోట ఒట్టి అక్షరం. ఇది జూన్, జూలైలోనే సరిచేసుకోండి.

రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకుని, కేంద్ర నమూనాలోనే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తహసీల్దార్ ఆఫీసు నుంచి తీసుకోండి. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ పట్టుకుని కౌన్సెలింగ్ దాకా వెళ్లి ఆగిపోయిన పిల్లలున్నారు. మంచి స్కోరు వచ్చాక అలా ఆగిపోతే చూడలేం.

10. పరీక్ష ముందురోజు, పరీక్ష రోజు

కేంద్రం విశాఖపట్నంలో పడి, ఉదయం సెషన్ అయితే ముందురోజే వెళ్లిపోండి. నేను మొదటిసారి తెల్లవారుజామున శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కాను. నిలబడే వెళ్లాను. దిగి, ఆటో బేరమాడి, కేంద్రం వెతుక్కుని కూర్చునేసరికి పరీక్ష మొదలవకముందే అలిసిపోయి ఉన్నాను. చుట్టాలింట్లో ఉండేట్టయితే ముందే చెప్పండి, రాత్రి పెందరాళే పడుకోవాలని.

రఫ్ కోసం స్క్రిబుల్ ప్యాడ్ అక్కడే ఇస్తారు. ప్రతి లెక్క పక్కన ప్రశ్న నంబరు వేసి, చుట్టూ గీత గీయండి. చివరి అరగంటలో తిరిగొచ్చినప్పుడు పాత లెక్క వెంటనే దొరుకుతుంది. న్యూమరికల్ జవాబు టైప్ చేసే ముందు ప్రశ్న చివరి లైను మళ్లీ చదవండి: ఏ యూనిట్, ఎన్ని దశాంశాలు.

బయటికి రాగానే స్నేహితులతో జవాబులు పోల్చుకోవద్దు. బస్సులో కూర్చున్నాక ఫోన్‌లో ఇది రాసుకోండి: ఏ ప్రశ్నలు గెస్ చేశారు, ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోయారు, ఏ సబ్జెక్టులో కంగారు పడ్డారు. మీరు ఏ ఆప్షన్ నొక్కారో రెస్పాన్స్ షీట్ చూపిస్తుంది. ఎందుకు నొక్కారో మీకొక్కరికే తెలుసు, అది కూడా రెండు రోజుల్లో మర్చిపోతారు.